మూడు డబ్బాలు, ఒకే వేరు: కడుపు మంటకు అతిమధురం వాడే ముందు

ధర్మాబాద్‌లో మా మేనత్త వంటింటి కిటికీ గట్టు మీద మూడు డబ్బాలు ఉండేవి. మొదటిది స్టీలు డబ్బా. అందులో వారపు సంతలో మూలికలు అమ్మే అతని దగ్గర కొన్న లేత పసుపు పొడి. దాన్ని ఆమె మరాఠీ పేరుతోనే ‘జ్యేష్ఠమధ’ అనేది. రెండోది దగ్గు మందు సీసా. దాని వెనక హిందీలో అచ్చేసిన పదార్థాల పట్టికలో మొదటి వరసలోనే ‘ములేఠీ’ ఉంది. మూడోది నిజామాబాద్‌లో ఉండే ఆమె కూతురు, అంటే మా వదిన, ‘కడుపు మంటకు అతిమధురం మంచిదట’ అని తెచ్చిచ్చిన మాత్రల డబ్బా.

మూడూ ఒకటే వేరు. ఆ సంగతి అత్తమ్మకు తెలియదు. నిజం చెప్పాలంటే ఆ కిటికీ ముందు నిలబడి ఎన్నోసార్లు టీ తాగిన నాకూ తట్టలేదు.

ధర్మాబాద్ ఎర్ర మిరపకాయల మార్కెట్‌కు పేరు పడ్డ ఊరు. నాందేడ్ జిల్లాలో ఉన్నా, రైలెక్కితే కాసేపట్లో బాసర వస్తుంది. ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ, మందుల షాపులో హిందీ. మిర్చి వచ్చే రోజుల్లో గాలి పీల్చినా గొంతు మండుతుంది. జొన్న రొట్టె మీద ఠేచా, అంటే మిరపకాయలు దంచి చేసే పచ్చడి, రాసుకుని తినే ఊళ్లో కడుపు మంటను ఎవరూ జబ్బుగా లెక్కపెట్టరు. అందుకే దానికి వాడేదాన్నీ మందుగా లెక్కపెట్టరు. చిక్కంతా అక్కడే మొదలైంది.

మూడు నెలలు గడిచేసరికి అత్తమ్మకు సాయంత్రానికి పాదాలు ఉబ్బడం మొదలైంది. రాత్రిళ్లు పిక్కలు పట్టేసేవి. ఏళ్లుగా మాత్రతో అదుపులో ఉన్న బీపీ 170 దాటింది. నాందేడ్‌లో డాక్టరు రక్తపరీక్ష చేయిస్తే పొటాషియం 2.9 వచ్చింది. మామూలుగా 3.5కు తగ్గకూడదు. “ఇంకేమైనా మందులు వాడుతున్నారా?” అని ఆయన అడిగారు. “లేదు సార్, బీపీ మాత్ర ఒక్కటే” అంది అత్తమ్మ. ఆమె అబద్ధం చెప్పలేదు. ఆమె లెక్కలో ఆ మూడు డబ్బాలూ పోపుల పెట్టె పక్కన ఉండే సామాను. ఆయన ప్రశ్న మార్చారు: “కడుపుకు, దగ్గుకు, విరేచనానికి ఇంట్లో ఏమైనా తీసుకుంటారా?” అప్పుడు డబ్బాలు ఒకటొకటే బయటికి వచ్చాయి.

ఇంతకీ ఆ వేరు కథ ఏమిటి? అతిమధురం చిక్కుడు కుటుంబానికి చెందిన మొక్క. మధ్యధరా తీరం నుంచి ఇరాన్, అఫ్ఘానిస్తాన్, మధ్య ఆసియా దాకా పెరుగుతుంది. మన దగ్గర సాగు తక్కువ, సంతలో దొరికేదాంట్లో చాలా భాగం దిగుమతి సరుకే. చరక సంహితలో ఆయువును నిలిపే జీవనీయ గణమని పది ద్రవ్యాలు చెప్పిన చోట చివరన ఉన్న ‘మధుకం’ ఇదే. సంస్కృతంలో యష్టిమధు, యునానీ హకీములకు అస్ల్-ఉస్-సూస్, సరిహద్దు దాటి ఒడిశా వైపు వెళితే జష్టిమధు. ఇంత దేశం తిరిగిన వేరుకు ఇన్ని పేర్లుండటం వింతేమీ కాదు.

దాని తీపికి కారణం గ్లిసిరైజిన్. పంచదార కంటే సుమారు 50 రెట్లు తియ్యన. వేరు ముక్క నమిలితే తీపి వెంటనే తగలదు, నెమ్మదిగా వచ్చి చాలాసేపు నాలుకను వదలదు. చివర్లో కాస్త చేదు. నీళ్లలో పొడి వేసి గిలకొడితే కుంకుడు రసంలా నురగ వస్తుంది. ఈ గ్లిసిరైజిన్‌కే మంచి పేరూ ఉంది, చెడ్డ పేరూ ఉంది.

కడుపుకు ఇది చేసే మేలు గురించి మొదట గట్టిగా చెప్పినవాడు రెవర్స్ అనే డచ్ డాక్టరు. తమ ఊరి మందుల దుకాణదారు తయారుచేసిన అతిమధురం పాకం తాగిన అల్సర్ రోగులకు నొప్పి తగ్గుతోందని గమనించి 1946లో ప్రచురించాడు. ఆ సంతోషంతో పాటే ఇంకొకటి కూడా నిజాయితీగా రాశాడు: దాదాపు ఐదుగురిలో ఒకరికి ముఖం, కాళ్లు ఉబ్బాయి. మందు మానేస్తే వాపు తగ్గింది. అంటే అత్తమ్మ పాదాల సంగతి ఎనభై ఏళ్ల క్రితమే కాగితం మీదికి ఎక్కింది.

ఆ తర్వాత బ్రిటన్‌లో గ్లిసిరైజిన్ నుంచే కార్బెనాక్సొలోన్ అనే మందు తయారుచేశారు. పొగాకుకూ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని నిరూపించినవారిలో ఒకరైన రిచర్డ్ డాల్, 1962లో దీన్ని అల్సర్ రోగుల మీద పరీక్షించాడు. కడుపులోని పుండ్లు త్వరగా మానాయి. బీపీ పెరగడం, పొటాషియం తగ్గడం మాత్రం నీడలా వెంటే వచ్చాయి. 1976లో కడుపులో ఆమ్లాన్ని తగ్గించే సిమెటిడిన్ వచ్చింది, తర్వాత ఒమెప్రజోల్ తరం మందులు వచ్చాయి, కార్బెనాక్సొలోన్ మెల్లగా తెర వెనక్కి వెళ్లిపోయింది. అతిమధురం అల్సర్‌కు పనికొస్తుందా అంటే ఆధునిక వైద్యం ఆ ప్రశ్నను ఒకప్పుడు గంభీరంగానే తీసుకుంది. పనిచేయదని కొట్టిపారేయలేదు, అంతకంటే తక్కువ తంటాతో పనిచేసేవి దొరికాయి కాబట్టి పక్కన పెట్టింది. ‘మన మూలికలను వాళ్లు పట్టించుకోరు’ అనేవాళ్లూ, ‘మూలికల్లో ఏముంది పిప్పి’ అనేవాళ్లూ ఈ చిన్న చరిత్ర చదివితే ఇద్దరూ కాస్త నెమ్మదిస్తారని నా ఆశ.

ఇప్పుడు వాపు ఎందుకు వస్తుందో చూద్దాం. ఇది కొంచెం ఓపికగా చదవాల్సిన చోటు.

మన శరీరంలో ఉప్పునీటి లెక్కలు చూసే హార్మోన్ ఆల్డోస్టిరోన్. అది మూత్రపిండంలోని కణాలకు ‘ఉప్పు ఆపు, పొటాషియం వదులు’ అని చెబుతుంది. ఆ మాట వినడానికి కణాల్లో ఒక తాళంకప్ప లాంటిది ఉంటుంది. తిరకాసు ఏమిటంటే, కార్టిసాల్ అనే మరో హార్మోన్ కూడా అదే తాళాన్ని తెరవగలదు. పైగా రక్తంలో అది ఆల్డోస్టిరోన్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా తిరుగుతుంటుంది. మరి తాళం ఎప్పుడూ తెరుచుకునే ఉండాలి కదా? ఉండదు. ఆ కణాల్లో కాపలాదారు లాంటి ఒక ఎంజైమ్ ఉంది. మిర్చి యార్డు గేటు దగ్గర చీటీ లేని బండిని పక్కకు తోలేసే మనిషిలా, వచ్చిన కార్టిసాల్‌ను వచ్చినట్టే పనికిరాని రూపంలోకి మార్చేస్తుంది. దాని అసలు పేరు రాస్తే ఈ పేజీ మడత పెట్టేస్తారు కాబట్టి రాయడం లేదు.

అతిమధురం తిన్నప్పుడు పేగుల్లోని సూక్ష్మజీవులు గ్లిసిరైజిన్‌ను గ్లిసిరెటినిక్ ఆమ్లంగా మారుస్తాయి. అది రక్తంలో చేరి ఆ కాపలాదారును నిద్రపుచ్చుతుంది. ఇక కార్టిసాల్ బండ్లన్నీ లోపలికి వచ్చేస్తాయి. ఉప్పు నిలుస్తుంది, ఉప్పుతో నీరు నిలుస్తుంది, పాదాలు ఉబ్బుతాయి, బీపీ లేస్తుంది. పొటాషియం మూత్రంలో పోతుంది, పిక్కలు పట్టేస్తాయి, మరీ తగ్గితే గుండె లయ తప్పుతుంది. ఆపిన మర్నాడే అంతా సర్దుకోదు. కాపలాదారు పూర్తిగా మేలుకోవడానికి వారం, ఒక్కోసారి రెండు వారాలు పడుతుంది.

గుండె లయ తప్పడం పుస్తకాల్లో రాసిన భయం మాత్రమే అనుకోవద్దు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో 54 ఏళ్ల మనిషి కొన్ని వారాల పాటు రోజుకు ఒకటిన్నర సంచీ నల్ల లికరిస్ (అతిమధురానికి ఇంగ్లీషు పేరు) మిఠాయి తిని, గుండె ఆగి చనిపోయిన వైనం 2020లో వైద్య పత్రికలో వచ్చింది. మన దగ్గర ఆ మిఠాయి తినే అలవాటు లేదు. పొడి తినే అలవాటు ఉంది.

ఎంత తింటే ఎక్కువ? యూరప్ ఆహార శాస్త్ర సంఘం 2003లో రోజుకు 100 మిల్లీగ్రాముల గ్లిసిరైజిన్ దాటవద్దని చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులూ ఆ అంకె దగ్గరే ఆగారు. అయితే ఆ గీత కూడా అందరికీ భద్రమైనది కాదని తర్వాత తేలింది. స్వీడన్‌లో 28 మంది ఆరోగ్యవంతులైన యువతీయువకులకు రెండు వారాల పాటు సరిగ్గా రోజుకు 100 మిల్లీగ్రాములు ఇచ్చి చూశారు. 2024లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం పై బీపీ సగటున 3 పాయింట్లు పెరిగింది. కొందరిలో అంతకంటే ఎక్కువే. వాళ్లంతా 18 నుంచి 30 ఏళ్ల లోపువాళ్లు, మా అత్తమ్మకు 63.

ఆమె స్టీలు డబ్బా లెక్క వేద్దాం. మంచి నాణ్యత వేరులో కనీసం 4 శాతం గ్లిసిరైజిన్ ఉండాలని యూరప్ ఔషధ ప్రమాణం. మన ఆయుర్వేద ఫార్మకోపియా, అంటే ఔషధ ప్రమాణాల పుస్తకం, చెప్పే చూర్ణం మోతాదు 2 నుంచి 4 గ్రాములు. 2 గ్రాములంటే 80 మిల్లీగ్రాముల గ్లిసిరైజిన్, 4 గ్రాములంటే 160. అంటే ఆయుర్వేదం చెప్పిన మోతాదులోనే పై అంచు ఈ గీత దాటుతోంది. వైద్యుడు చూసి, కొన్నాళ్లకే అని చెప్పి ఇచ్చే మోతాదు అది. నెలల తరబడి సొంతంగా తినడానికి రాసింది కాదు. అత్తమ్మ పొద్దున ఒక చెంచా, రాత్రి ఒక చెంచా వేసుకునేది. మా ఇంటి టీ చెంచాతో తూస్తే తలగొట్టినది రెండున్నర గ్రాములు తూగింది. ఆమె ఏనాడూ తలగొట్టలేదు, గోపురంలా తీసుకునేది. దాని పైన మాత్రలు, దాని పైన దగ్గు మందు. ఒక్కొక్కటి విడిగా చూస్తే ఏదీ తప్పు కాదు. మూడు భాషల్లో మూడు పేర్లు ఉండటంతో కూడిక ఎవరూ చేయలేదు.

పొడి మానేసి కషాయం కాచుకుంటే మంచిదా అని కొందరు అడుగుతారు. గ్లిసిరైజిన్ వేడినీళ్లలో చక్కగా దిగుతుంది. గిన్నె మారిందంతే.

అయితే కథలో ఇంకో మలుపు ఉంది. ఈ బాధలన్నీ గ్లిసిరైజిన్ వల్లే అయితే దాన్ని తీసేసి మిగతా వేరును ఇస్తే పోలేదా అని కంపెనీలు ఆలోచించాయి. అలా వచ్చిందే డీజీఎల్, అంటే గ్లిసిరైజిన్ చాలా మటుకు తొలగించిన అతిమధురం. తొందరపడి అన్ని ‘అతిమధురం మాత్రలూ’ ఇవే అనుకోకూడదు. అంగట్లో అతిమధురం కనీసం మూడు రూపాల్లో దొరుకుతుంది: మొత్తం వేరు పొడి లేదా సారం, గ్లిసిరైజిన్ తీసేసిన డీజీఎల్, ఫ్లేవనాయిడ్లు అనే మరో జాతి పదార్థాలు ఎక్కువగా ఉండేలా తీసిన ప్రత్యేక సారం. డబ్బా ముందు వైపు బొమ్మ మూడింటికీ ఒకటే, పసుపు పచ్చ వేరు ముక్కలు. తేడా వెనక వైపు చిన్న అక్షరాల్లో ఉంటుంది.

అత్తమ్మ డబ్బా వెనక ‘వేరు సారం’ అని మాత్రమే ఉంది. గ్లిసిరైజిన్ ఎంత ఉందో, తీశారో లేదో రాయలేదు. రాయనప్పుడు ఉందనే అనుకోవాలి.

మరి గ్లిసిరైజిన్ తీసేశాక కడుపుకు మేలు మిగులుతుందా? ఇక్కడ ఆధారాలు ఒక దారిన లేవు. 1978లో ఇంగ్లండ్‌లో బర్ధన్ బృందం చేసిన పరీక్షలో కడుపు అల్సర్ మానడంలో డీజీఎల్‌కూ మందేమీ లేని ఉత్తుత్తి మాత్రకూ తేడా కనిపించలేదు. 1982లో మరో పరీక్షలో డీజీఎల్ ఉన్న మాత్రలు సిమెటిడిన్‌తో సమానంగా నిలిచాయి. కానీ ఆ మాత్రల్లో యాంటాసిడ్లు కూడా కలిపి ఉన్నాయి, మరి ఘనత ఎవరిది? ఫ్లేవనాయిడ్ సారం విషయంలో 2012లో మన దేశంలోనే 50 మందితో ఒక నెల పరీక్ష జరిగింది. అల్సర్ లేకుండానే తిన్నాక బరువు, మంట, ఉబ్బరం ఉండే అజీర్తి వాళ్లది. రోజుకు రెండుసార్లు 75 మిల్లీగ్రాములు తీసుకున్నవాళ్లకు ఉపశమనం ఎక్కువగా కనిపించింది. ఆశ కలిగించే ఫలితమే. అయితే మనుషులు తక్కువ, కాలం తక్కువ, తయారీ సంస్థ పాత్ర ఎక్కువ. నా తీర్పు అడిగితే, మామూలు అజీర్తికి ఇలాంటి సారాన్ని కొన్ని వారాలు వాడి చూడటంలో తప్పు లేదు, అల్సర్‌కు మందుగా నమ్ముకోవడంలో తప్పుంది.

ఎందుకంటే కడుపు మంట అనేది ఒక జబ్బు పేరు కాదు. అతిమధురం జిగురు పొరను పెంచి, లోపలి గోడకు పూతలా పనిచేస్తుందని చెబుతారు. యాంటాసిడ్‌లా ఆమ్లాన్ని అప్పటికప్పుడు చంపదు. అల్సర్ల వెనక ఎక్కువగా ఉండేవి హెలికోబ్యాక్టర్ పైలోరి అనే బ్యాక్టీరియా, లేదా మోకాళ్ల నొప్పులకని వేసుకునే మాత్రలు. ఆ బ్యాక్టీరియాను కనిపెట్టిన మార్షల్, వారెన్‌లకు 2005లో నోబెల్ వచ్చింది. దానికి యాంటీబయాటిక్స్ కోర్సు కావాలి. నల్లటి తారులాంటి విరేచనం, వాంతిలో రక్తం, మింగడం కష్టం కావడం, బరువు తగ్గిపోవడం ఉంటే ఏ డబ్బా వైపూ చూడకుండా ఆసుపత్రికి వెళ్లాలి. నడిస్తే వచ్చి ఆగితే తగ్గే ‘గ్యాస్ నొప్పి’ కూడా అంతే, అది గుండెది కావచ్చు.

విరేచనం మాట వచ్చింది కాబట్టి ఒక జోడీ గురించి చెప్పాలి. మలబద్ధకానికి స్వాదిష్ట విరేచన చూర్ణం అని మా వైపు చాలా ఇళ్లలో ఉంటుంది. శుద్ధ గంధకం, సోంపు, చక్కెర, సునాముఖి ఆకు, వీటితో పాటు అతిమధురం. రుచిగానే ఉంటుంది, పేరుకు తగ్గట్టు. సునాముఖి రోజూ వాడితే విరేచనంలో పొటాషియం పోతుంది, అతిమధురంతో మూత్రంలో పోతుంది. ఎప్పుడో ఒక రాత్రి వేసుకుంటే పరవాలేదు. రోజూ వేసుకుంటే రెండు వైపులా గండి పడ్డ చెరువే. దీనికి బీపీ కోసం ఇచ్చే, మూత్రం ఎక్కువగా పోయించే మాత్ర కూడా తోడైతే మూడో గండి. అత్తమ్మ బీపీ మాత్రలో సరిగ్గా ఆ రకం మందు కలిసి ఉంది.

అందుకే బీపీ, గుండె, మూత్రపిండాల జబ్బులున్నవాళ్లు మొత్తం వేరు జోలికి వెళ్లకపోవడమే మేలు. డిగాక్సిన్, ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్లు, వార్ఫరిన్ వాడేవాళ్లు డాక్టరుకు చెప్పకుండా ముట్టుకోకూడదు. గర్భిణుల విషయంలో ఫిన్లాండ్ పరిశోధకులు చాలా ఏళ్లు వెంబడించి చూశారు. అక్కడ లికరిస్ మిఠాయి వాడకం ఎక్కువ. వారానికి 500 మిల్లీగ్రాములకు మించి గ్లిసిరైజిన్ తిన్న తల్లుల పిల్లలు తెలివితేటల పరీక్షల్లో కొంత వెనకబడ్డారు. మిఠాయే కారణమని అది నిరూపించదు, అయినా కడుపుతో ఉన్నవాళ్లు ఆ తొమ్మిది నెలలు దూరంగా ఉండటానికి అంతకంటే కారణం అక్కర్లేదు.

కొనేటప్పుడు చూడాల్సింది ఒకటుంది. ఆయుర్వేద మందుగా అమ్మేదానికి 1940 నాటి ఔషధ చట్టం కింద తయారీ లైసెన్సు నంబరు ఉంటుంది. ఆహార అనుబంధంగా అమ్మేదానికి ఆహార భద్రతా సంస్థ ఇచ్చే 14 అంకెల నంబరు, దాంతో పాటు ‘వైద్య ప్రయోజనానికి కాదు’ అనే హెచ్చరిక ఉండాలి. ఆ రెండో రకం డబ్బా మీద అల్సర్ నయం చేస్తామని రాసి ఉంటే, అక్కడే పెట్టేసి రావచ్చు.

సంతలో విడిగా కొనే వేరు సంగతి వేరు. అక్కడ గురివింద వేరునూ అతిమధురం పేరుతో అంటగట్టే అలవాటు పాతదే. దాని వేరూ ఆకూ కూడా తియ్యగా ఉంటాయి, మరాఠీ వాళ్లు గుంజ అని పిలిచే దీని ఆకును తాంబూలంలో వేసుకుంటారు. తన కింద నలుపు తనకు తెలియదని సామెతకెక్కిన ఆ గింజలో మాత్రం ప్రాణాంతకమైన అబ్రిన్ విషం ఉంది. అసలు అతిమధురం విరిస్తే పైన గోధుమ రంగు, లోపల పసుపు, నారనారగా ఉంటుంది. పొడి చేసేశాక ఇక కంటితో తేల్చడం కష్టం.

అత్తమ్మ మూడూ మానేసింది. పొటాషియం సిరప్ తాగింది, బీపీ మాత్ర మారింది. మూడో వారానికి చెప్పులు మళ్లీ కాళ్లకు పట్టాయి, బీపీ 138కి దిగింది. ఠేచా మాత్రం మానలేదు, సగానికి తగ్గించింది. అది కూడా నేను ఇంట్లో ఉన్నప్పుడేనని వదిన అంటుంది.

మొన్న ఆమెతో కలిసి సంతకు వెళ్లాను. మూలికల అతను గోనెపట్టా పరిచి కుప్పలు పోసుకుని కూర్చున్నాడు. పరీక్ష చేద్దామని “అతిమధురం ఉందా?” అని అడిగాను. లేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. “ములేఠీ?” చేత్తో పక్క కుప్ప చూపించాడు. “జ్యేష్ఠమధ?” ఈసారి నన్ను అనుమానంగా చూసి, అదే కుప్పలో చెయ్యి పెట్టి గుప్పెడు తీశాడు.

“నాకు వద్దు బాబూ, సోంపు పావుకిలో కట్టు” అంది అత్తమ్మ.